దీర్ఘం లేని మాట

"మీరు చేతులు కడుక్కున్నారా?"

షాపులోకి వచ్చిన అమ్మాయి కమల్‌ని అడిగిన మొదటి ప్రశ్న ఇది. నమస్తే లేదు, ఫిజీ పలకరింపు బూలా కూడా లేదు.

కమల్ తన చేతులు చూసుకున్నాడు. అప్పుడే ఒక ప్రింటర్ కడుపులోంచి బయటికి వచ్చిన చేతులు. నల్లగా ఉన్నాయి.

"మీరు మొహం కడుక్కుంటే నేనూ చేతులు కడుక్కుంటాను" అన్నాడు.

ఆమె గోడకున్న అద్దంలో చూసుకుంది. ఆ అద్దం విమ్లా ఆంటీది. షాపు ముందు సగంలో ఆవిడ బ్లౌజులు కుడుతుంది, వెనక సగంలో కమల్ కంప్యూటర్లు బాగుచేస్తాడు. రెండువేల పన్నెండు ఆగస్టు, ఫిజీ దీవుల్లోని లంబాసాలో చెరకు మిల్లు నడిచే కాలం. కాల్చిన తోటల మసి గాల్లో తేలుతూ వచ్చి ఊరంతా రాలుతుంది. పైగా ఆ రోజు చెప్పాపెట్టకుండా ఒక వాన పడింది. ఆ అమ్మాయి బుగ్గల మీదా తెల్ల బ్లౌజు మీదా నల్లటి చారలు దిగాయి. కానీ దిండు గలేబులో చుట్టి గుండెకు హత్తుకుని తెచ్చిన వస్తువు మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు.

కమల్‌కి ముందు కనిపించింది అదే. ఆమె కళ్ళు తరువాత కనిపించాయి. ప్రేమకథ కాబట్టి కళ్ళు ముందు కనిపించాయని రాయాలేమో. కానీ జరిగింది ఇలాగే.

ఇక్కడే ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. వీళ్ళిద్దరి తాతముత్తాతలు తెలుగువాళ్ళే అయినా వీళ్ళు మాట్లాడుకున్నది ఫిజీ హిందీ. మీకోసం నేను తెలుగులో రాస్తున్నాను. నిజంగా తెలుగు మాట వచ్చిన చోట ఇది తెలుగని చెబుతాను, ఎందుకంటే ఈ కథంతా అలాంటి ఒక్క మాటకోసమే.

గలేబులోంచి ఒక పాత లాప్‌టాప్ బయటికి వచ్చింది.

"ఆన్ చేస్తే అరుస్తుంది. అర నిమిషంలో ఆగిపోతుంది" అంది ఆమె.

"వదిలి వెళ్ళండి. శనివారం రండి."

"వదలను. నా ముందే విప్పండి. ఎన్ని స్క్రూలు తీస్తారో నేను లెక్కపెడతాను. అన్నీ మళ్ళీ లోపలికి వెళ్ళాలి."

"మీరు టీచరా?"

"ఎలా తెలిసింది?"

"మా మూడో క్లాసు టీచరు కూడా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇలాగే నిలబడేది."

ఆమె చెయ్యి చటుక్కున కిందికి దిగింది. "నేను చెప్పేది మూడో క్లాసుకే" అంది కొంచెం ఓడిపోయినట్టుగా. పేరు కామిని. సెయంగంగాలో బడి, ఇల్లు కూడా అక్కడే. గంటకు పైగా బస్సులో వచ్చింది.

కమల్ చేతులు కడుక్కుని వచ్చాడు. బల్ల మీద పన్నెండు గుంటల బన్ ట్రే ఒకటి పెట్టాడు. ఒక్కో భాగం స్క్రూలు ఒక్కో గుంటలో వేస్తాడు. ముందు బ్యాటరీ ఊడదీశాడు. తరువాత పవర్ బటన్ నొక్కి పట్టుకుని పది లెక్కపెట్టాడు.

"కరెంటే లేదుగా, బటన్ ఎందుకు నొక్కడం?"

"లోపల కొంచెం మిగిలి ఉంటుంది. అది కూడా పోవాలి."

"అచ్ఛా" అంది కామిని, స్టూలు ముందుకు లాక్కుంటూ.

అక్కడ మొదలైంది. ఇది ఏంటి? అది దేనికి? ఈ రిబ్బను లాంటి వైరు లాగితే తెగిపోదా? తెగుతుంది, అందుకే ముందు ఈ చిన్న గొళ్ళెం ఎత్తాలి. ఈ నాలుగు స్క్రూల పక్కన నంబర్లెందుకు? ఆ వరుసలోనే వదులు చేయాలి, లేకపోతే కింద ఉన్న చిప్ మీద ఒక పక్కే బరువు పడి పగులుతుంది. ఆరేళ్ళుగా కమల్ ఈ పని చేస్తున్నాడు. షాపుకి వచ్చినవాళ్ళంతా "ఎప్పుడిస్తావు" అని అడిగినవాళ్ళే తప్ప "ఎందుకు" అని అడిగినవాళ్ళు లేరు. అతనికి ఒళ్ళంతా తేలికగా అనిపించింది.

కీబోర్డు ఎత్తితే కింద రెండు తెల్లటి డొల్లలు దొరికాయి. బల్లి గుడ్లు. పిల్లలు ఎప్పుడో వెళ్ళిపోయాయి.

"వెచ్చగా ఉంటుందని కాపురం పెట్టింది" అన్నాడు కమల్.

"అద్దె ఎవరికి కట్టిందో" అంది కామిని. ఇద్దరూ నవ్వారు. కుట్టు మిషను దగ్గర విమ్లా ఆంటీ దారం ఎక్కించడం ఆపి ఇటు చూసింది.

జబ్బు ఫ్యానులో ఉంది. చెరకు మసి, నూలుపోగులు కలిసి ముద్దై గాలి వెళ్ళే దారి మొత్తం మూసేశాయి. కమల్ దాన్ని చిన్న బ్రష్‌తో దులిపాడు. చిప్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాడు. మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. ట్రే ఖాళీ అయింది, కానీ పని పూర్తి కాలేదు.

"ఎన్ని తీశాం?"

"ముప్పై ఒకటి" అంది కామిని.

"ముప్పయ్యే వచ్చాయి."

బల్ల కింద చూశాడు. అయస్కాంతం తెచ్చి నేలంతా తిప్పాడు. విమ్లా ఆంటీవి రెండు సూదులు దొరికాయి, స్క్రూ దొరకలేదు.

"ఒక్కటేగా, పోనివ్వండి" అంది కామిని, అతని మొహంలోకే చూస్తూ.

"కుదరదు. లోపల పడి ఉంటే బోర్డు కాలిపోతుంది." కమల్ ముప్పై స్క్రూలూ మళ్ళీ తీశాడు. మొత్తం దులిపి చూసి మళ్ళీ బిగించాడు. ఇంకో గంట పట్టింది. స్క్రూ మాత్రం కనిపించలేదు. ఆ గంటసేపూ కామిని ఎందుకో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

బటన్ నొక్కితే ఫ్యాను నెమ్మదిగా తిరిగింది. లాప్‌టాప్ అరవలేదు, ఆగిపోలేదు. నల్లటి తెర మీద చిన్న పెట్టె ఒకటి వచ్చి పాస్‌వర్డ్ అడిగింది.

"కొట్టండి" అన్నాడు కమల్.

కామిని చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

"ఎవరిదండీ ఇది?"

"అంటే దొంగతనం చేశాననుకుంటున్నారా?"

"నేనేమీ అనుకోవట్లేదు. పాస్‌వర్డ్ తెలియని లాప్‌టాప్ వస్తే ఎవరిదని అడగడం నా అలవాటు."

"మా ఆజాది" అంది కామిని. కోపంగా మొదలుపెట్టిన గొంతు మధ్యలోనే మెత్తబడింది. "మీరు వేరే దారిలో తెరుస్తారనుకున్నాను. అందుకే ముందు చెప్పలేదు."

ఆజా అంటే ఆమె తండ్రికి తండ్రి. పేరు రామ్ చంద్ర, హెడ్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య ఆజీకి తన పుట్టిల్లు డ్రెకేటి వరి మళ్ళల్లో పాడుకునే తెలుగు పాటలు చాలా వచ్చు. ఆ పాటలన్నీ ఆయన ఈ లాప్‌టాప్‌లో రికార్డు చేశాడు. రెండేళ్ళ కిందట ఆజీ పోయింది. మూడు నెలల కిందట ఆజాకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. ముప్పై ఏళ్ళు బడిలో మాట్లాడిన ఇంగ్లీషూ, జీవితమంతా మాట్లాడిన హిందీ ఇంకా తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవి చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్కలు మాత్రమే. అవి కూడా రోజుకి నాలుగో ఐదో.

"ఆజీ గొంతు ఇంకెక్కడా లేదు" అంది కామిని. "ఒక ఫోన్లో కూడా లేదు. ఇందులోనే ఉంది. నర్సు అంది, తెలిసిన పాటలు వినిపిస్తే మాటలు తొందరగా రావచ్చని."

కమల్ మళ్ళీ పనిలోకి దిగాడు. ఇది విండోస్ అడిగే పాస్‌వర్డ్ కాదు. విండోస్ నిద్రలేవకముందే బోర్డు మీద చిప్‌లో ఉండే బయోస్ అడుగుతోంది. బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ తీసి అరగంట ఆగి చూశాడు. తాళం అలాగే ఉంది. హార్డ్ డిస్క్ ఊడదీసి తన కంప్యూటర్‌కి తగిలించాడు. డిస్క్‌కి కూడా అదే తాళం. పైగా డిస్క్‌లోంచి టిక్కు టిక్కుమని చిన్న శబ్దం వచ్చింది. అది విని అతను వెంటనే ఆపేశాడు.

"కంపెనీకి రాస్తే?"

"కొన్న కాగితం అడుగుతారు. ఉందా?"

"లౌటోకాలో మా బాబాయి ఆఫీసులో పాతబడితే తెచ్చిచ్చాడు. కాగితం లేదు."

"ఉన్నా బోర్డు తాళమే తీస్తారు, డిస్క్ తాళం తియ్యరు. ఇంకో సంగతి. ఈ డిస్క్‌కి రోజులు దగ్గరపడ్డాయి. ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేను. పాస్‌వర్డ్ ఆజానే అడగండి."

"అడగలేదనుకున్నారా? పెన్ను ఇస్తే ఎడం చేత్తో గీతలే గీస్తారు. నోటితో అడిగితే ప్రతిసారీ ఒకటే మాట, చెప్పను."

ఆ చివరి మాట తెలుగే. కామినికి వచ్చిన తెలుగు మొత్తం ఒక పది మాటలు. రా, పో, తిను, తప్పు, చెప్పు, చెప్పను. ఆజీ రోజూ వాడిన మాటలు కాబట్టి అవి మిగిలాయి.

"ఎందుకు చెప్పరు?" అన్నాడు కమల్.

అతనికి నిజంగా తెలుసుకోవాలనిపించింది.

*

ఆదివారం కమల్ లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని సెయంగంగా బస్సెక్కాడు. షాపు విడిచి ఇళ్ళకి సర్వీసుకి వెళ్ళడం అతని పద్ధతి కాదు. డిస్క్ పరిస్థితి బాగాలేదు కాబట్టి వెళ్తున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. ఇస్త్రీ చొక్కా ఎందుకు వేసుకున్నాడో మాత్రం చెప్పుకోలేదు.

వరండాలో కామిని తండ్రి విజేంద్ర నీళ్ళల్లో కలిపి తాగే యంగోనా వేరు పొడి గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. చెరకు రైతు, పెద్ద చేతులు, తక్కువ మాటలు.

"అనవసరంగా వచ్చావు బేటా" అన్నాడు. "మా నాయన చెప్పడు. నా మీద కోపం."

"ఎందుకండీ?"

విజేంద్ర గిన్నెలోకి చూస్తూ చెప్పాడు. తల్లి పోయాక తండ్రి పొద్దస్తమానం ఆ పాటలే పెట్టుకుని కూర్చునేవాడు. ఇల్లంతా ఆవిడ గొంతే. ఒక రోజు పొలం నుంచి వచ్చి, తట్టుకోలేక, "ఇంక ఆపు నాయనా, పోయినవాళ్ళని పోనీ" అని అరిచాడు. ముసలాయన లాప్‌టాప్ మూసేశాడు. మళ్ళీ ఇంట్లో ఎవరి ముందూ తెరవలేదు.

"ఆ తరువాతే తాళం వేసుంటాడు. నాకు అమ్మ గొంతు మళ్ళీ వినిపించనివ్వకూడదని. చెప్పను, చెప్పను అంటుంటే ప్రతిసారీ నా చెంప మీద కొట్టినట్టుంటుంది" అన్నాడు. ఆయన కళ్ళు తడిశాయి.

లోపల కిటికీ పక్కన చెక్క కుర్చీలో ముసలాయన కూర్చుని ఉన్నాడు. కమల్ ఆయన కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు. కమల్‌ని టాబియాలో పెంచింది వాళ్ళ అవ్వ. వంటింట్లో ఆవిడ మాట్లాడే తెలుగే అతనికి వచ్చిన తెలుగు.

"తాతా, బాగుండావా?"

ముసలాయన తల తిరిగింది. మూడు నెలల్లో ఆయన్ని ఎవరూ ఆ భాషలో పలకరించలేదు. ఎడం పక్క పెదవి పైకి లేచింది.

"బాగుండా" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ కామిని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ పెట్టె తాళం ఏంది తాతా?"

"చెప్పను" అన్నాడు ముసలాయన. అని, ఎడమ చేతి వేలితో కుర్చీ చెక్క మీద టకటకా కొట్టాడు.

"చూశావా?" అన్నాడు వెనక నుంచి విజేంద్ర. "రోజూ ఇంతే. కోపంతో కొడతాడు."

కమల్ కదల్లేదు. ముసలాయన కళ్ళల్లోకి చూశాడు. కోపం వచ్చిన మనిషి కళ్ళు అలా ఉండవు. ఎవరికీ అర్థం కాని పొడుపుకథ వేసి, ఎవరైనా విప్పుతారా అని ఎదురుచూసే మనిషి కళ్ళు అవి.

"ఇంకోసారి అడుగు" అంది కామిని. మీరు కాస్తా నువ్వు అయిందని ఆమె గమనించలేదు. కమల్ గమనించాడు.

"తాళం ఏంది తాతా?"

"చెప్పను." టక టక టక టక, టక టక టక టక.

కామిని పెదవులు కదులుతున్నాయి. "ఎనిమిది. మొదటిసారి కూడా ఎనిమిదే" అంది. "డాడీ, కోపం వచ్చినవాళ్ళు ప్రతిసారీ లెక్కపెట్టుకుని ఎనిమిదే కొడతారా?"

ఎనిమిది. కమల్ ఆయన చెప్పే మాటకి ఇంగ్లీషులో ఎన్ని అక్షరాలో వేళ్ళ మీద హడావిడిగా వేసుకున్నాడు, ఏడో ఎనిమిదో. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"చెప్పను అంటే చెప్పనని కాదు" అన్నాడు. "అదే పాస్‌వర్డ్. మూడు నెలల నుంచి ఆయన చెబుతూనే ఉన్నాడు."

ముసలాయన వెనక్కి వాలి కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

కమల్ లాప్‌టాప్ తెరిచి టైప్ చేశాడు. సి, ఇ, పి, పి, ఎ, ఎన్, యు. తప్పని వచ్చింది. డిస్క్ టిక్కుమంది.

"ఏడే కొట్టావు" అంది కామిని. "సి పక్కన హెచ్ ఏది?"

"మా అవ్వ స్పెల్లింగులు నేర్పలేదు."

"జరుగు." ఆమె అతని పక్కన కూర్చుంది. కీబోర్డు మీద వేళ్ళు పెట్టి ఆగింది. "ఎ ఒకటా, రెండా?"

"తెలుగులో అయితే తేడా ఉంది. చెప్పను అంటే చెప్పనని. దీర్ఘం పెట్టి చెప్పాను అంటే చెప్పేశానని. దీర్ఘం తప్పితే మా అవ్వ చెవి మెలిపెట్టేది. ఇంగ్లీషులో రాస్తే చాలామంది రెండింటికీ ఒకే ఎ పెడతారు. ఆజా ఎనిమిదే కొట్టారు కాబట్టి ఒకటి చాలు."

కామిని ఎనిమిది అక్షరాలు కొట్టింది. చీకటి తెర మీద వెలుగు వచ్చింది.

పాటలు వెంటనే వినాలని అందరికీ ఉంది. కమల్ ఒప్పుకోలేదు. "ముందు కాపీ" అన్నాడు. డిస్క్ టిక్కుటిక్కుమంటూ ఒక్కో ఫైలూ పెన్ డ్రైవ్‌లోకి పంపుతుంటే నలుగురూ నలభై నిమిషాలు ఆ ఆకుపచ్చ గీతనే చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఒకసారి గీత ఆగిపోయింది. కామిని అతని మోచెయ్యి పట్టుకుంది. గీత మళ్ళీ కదిలింది. మోచెయ్యి మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

అప్పుడు పాట పెట్టారు. అందులో వినిపించిందంతా తెలుగే.

ముందు కుర్చీ జరిపిన చప్పుడు, ఎక్కడో కోడి అరుపు. తరువాత ఆజీ గొంతు. కొంచెం బొంగురుగా, తొందరేమీ లేకుండా వచ్చింది.

"వంగి కోసే చిన్నదానా, వాన చూసి రావే..."

"తప్పు" అంది రికార్డులో రామ్ చంద్ర గొంతు. "వాన కాదు. వంక చూసి రావే."

"నా పాట, నా ఇష్టం."

"సరే. మిగతాది చెప్పు."

"చెప్పను."

"పెళ్ళికి ముందు కూడా ఇదే మాట. ఫిజీకి స్వతంత్రం వచ్చిన యేడు, డ్రెకేటిలో మీ కళ్ళం కాడ నిలబడి నేనంటే ఇష్టమా అని అడిగితే చెప్పను అన్నావు. మూడు నెలలు నిద్దర పట్టలా నాకు."

ఆజీ నవ్వింది. "చెప్పను అంటే చెప్పేశానని. ఇష్టం లేకపోతే లేదంటారు గాని, చెప్పనంటారా? బళ్ళో ఐవారివి, అదీ తెలీదా?"

కమల్ ఆ ముక్కలు హిందీలో కామినికి చెప్పాడు. చివరి వాక్యం మాత్రం ఆమె వైపు చూడకుండా చెప్పాడు. ఆమె తల వంచుకుంది.

పాట మళ్ళీ మొదటికి పెట్టారు. ఆజీ మళ్ళీ వాన అంది.

"తప్పు" అన్నాడు ముసలాయన.

ఈసారి ఆ మాట రికార్డులోంచి రాలేదు, కుర్చీలోంచి వచ్చింది. వెంటనే రికార్డులో గొంతు కూడా తప్పు అంది. ముసలాయన కుడి కన్ను నీళ్ళు కారుస్తుంటే ఎడం పెదవితో నవ్వాడు. విజేంద్ర ముందుకు వచ్చి ఆయన మోకాళ్ళ మీద తల పెట్టాడు. "నాకు చెప్పనంటున్నావనుకున్నాను నాయనా" అన్నాడు హిందీలోనే. ముసలాయన ఎడం చెయ్యి కొడుకు జుట్టులోకి వెళ్ళింది.

*

డిస్క్ మార్చాలని లాప్‌టాప్ మళ్ళీ లంబాసా వచ్చింది. మార్చడం గంట పని. కామిని దానికోసం మూడు శనివారాలు వచ్చింది. మొదటి శనివారం డిస్క్ మార్చారు. రెండో శనివారం పాటలు సీడీల్లోకి ఎక్కించారు. మూడో శనివారం ఏం పని ఉందో విమ్లా ఆంటీ అడిగితే ఇద్దరూ రెండు వేరువేరు జవాబులు చెప్పారు.

"ఒక్కటే లోటు" అన్నాడు కమల్, లాప్‌టాప్ గలేబులో పెడుతూ. "ఆ ముప్పై ఒకటో స్క్రూ. వేరేది వెయ్యొచ్చు. కానీ అది ఎక్కడికి పోయిందా అని నాకు పిచ్చెక్కుతోంది. బల్ల కూడా విప్పి చూశాను."

కామిని పర్సు తెరిచింది. చిల్లర అరలోంచి ఒక చిన్న నల్లటి స్క్రూ తీసి బల్ల మీద పెట్టింది.

కమల్ స్క్రూ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"మొదటి రోజే తీశాను" అంది. "ఒక స్క్రూ తగ్గితే నువ్వు కనిపెడతావా, పట్టించుకోకుండా బిగించేస్తావా అని చూశాను. పట్టించుకోనివాడి చేతిలో ఆజీ గొంతు ఎలా పెట్టను?"

"నేను మొత్తం రెండోసారి విప్పాను."

"విప్పుతుంటే సిగ్గేసింది. చెప్పేద్దామనుకున్నాను."

"ఆ రోజు పరీక్ష పెట్టావు, సరే. పాసయ్యాను. మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఇవ్వలేదు?"

కామిని గలేబు మూతి ముడి వేసింది. విప్పింది. మళ్ళీ వేసింది.

"చెప్పను" అంది. తెలుగులో.

కుట్టు మిషను ఆగింది. స్క్రూ అందుకోబోయిన కమల్ చెయ్యి కూడా ఆగింది. ఇష్టం లేకపోతే లేదంటారని ఆజీ ఎంత స్పష్టంగా చెప్పిందో అతనికి గుర్తొచ్చింది.

"మీ డాడీతో నేను మాట్లాడనా?"

"వద్దు. ముందు నేనే చెప్పాలి. ఆయన ఊరుకుంటారో, గిన్నె విసిరేస్తారో తెలీదు. వినోదం చూడ్డానికి నువ్వు రాకు."

"చెప్పాక మెసేజ్ పెట్టు."

ఆదివారం పొద్దున్న పది గంటలకు మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు. సి, హెచ్, ఇ, పి, పి, ఎ, ఎన్, యు.

కమల్ మంచం మీద లేచి కూర్చున్నాడు. చెప్పాను అందా, చెప్పను అందా? చెప్పేసిందా, చెప్పే ధైర్యం లేదంటోందా? ఏదని అడుగుతూ మెసేజ్ పెట్టాడు. జవాబు లేదు. ఫోన్ చేస్తే ఆఫ్. మూడు నెలలు నిద్ర పట్టలేదన్న రామ్ చంద్ర మాస్టారి మీద అతనికి హఠాత్తుగా చాలా జాలి కలిగింది.

ఫోన్ తీసుకెళ్ళి వంటింట్లో అవ్వకి చూపించి, సంగతంతా చెప్పాడు.

"రాస్తే ఏం తెలుస్తాదిరా?" అంది అవ్వ, రొట్టె తిప్పుతూ. "గొంతు ఇనాల. బస్సెక్కు."

సెయంగంగాలో దిగి మట్టిరోడ్డు మీద నడుస్తుంటే వాన మొదలైంది. ఇంటికి చేరేసరికి ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. విజేంద్ర వరండాలో అదే చోట కూర్చుని యంగోనా కలుపుతున్నాడు. తలెత్తి చూశాడు. మొహంలో ఏమీ లేదు.

"ఏం బేటా, ఈ వానలో? లాప్‌టాప్ బాగానే పనిచేస్తోందే."

అంటే చెప్పలేదు. దీర్ఘం లేదు.

"ఊరికే... ఫ్యాను ఎలా తిరుగుతోందో చూసి పోదామని" అన్నాడు.

"ఫ్యాను కోసం టాబియా నుంచి వచ్చావా?"

లోపల గుమ్మం పక్కన కామిని చీర అంచు కనిపించింది. ఆమె బయటికి రాలేదు. కమల్ నీళ్ళు కారుతూ అలాగే నిలబడ్డాడు. వెళ్ళిపోదామా అని వెనక్కి తిరిగాడు కూడా.

కిటికీ పక్క నుంచి కుర్చీ చెక్క మీద ఒక్క దెబ్బ పడింది. బళ్ళో బెత్తం బల్ల మీద కొట్టినట్టు, అందరూ అటు చూశారు.

"చెప్పింది" అన్నాడు ముసలాయన.

విజేంద్ర ఇంక ఆపుకోలేకపోయాడు. పెద్దగా నవ్వుతూ కొబ్బరి చిప్ప ముంచి పైకెత్తాడు. "కొంచెంసేపు ఆడిద్దామనుకుంటే మా నాయన చెడగొట్టాడు" అన్నాడు. "రాత్రే చెప్పింది. కూర్చో. ముందు తుడుచుకుని కూర్చో."

కమల్ అక్కడి ఆచారం ప్రకారం ఒకసారి చప్పట్లు కొట్టి చిప్ప అందుకుని ఒక్క గుక్కలో తాగాడు. తొందరలో సగం చొక్కా మీద పోసుకున్నాడు. అప్పటికే తడిసిన చొక్కా కాబట్టి ఎవరికీ తెలియలేదు. కామిని తువ్వాలు తెచ్చింది. ఇస్తున్నప్పుడు ఆమె మొహంలో మూడో క్లాసు టీచరు ఎక్కడా లేదు.

"దీర్ఘం ఉందని తెలిసేలా ఎ రెండుసార్లు కొట్టొచ్చుగా" అన్నాడు కమల్ మెల్లగా. "దారంతా చచ్చిపోయాను."

"ఫోన్ కూడా నేనే ఆపాను" అంది కామిని. "రెండు ఎ-లు కొట్టుంటే, సరే అని జవాబు పెట్టి వచ్చే ఆదివారం తీరిగ్గా వచ్చేవాడివి."